ఏడుతో మొదలైన రాయి

ఆ వీధిలో రాతిపని మేస్త్రికి ముక్కు మీద కోపమని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. షెడ్డులోకి వచ్చినవాళ్ళెవరైనా ఈ అక్షరం కాస్త పక్కకి వంగిందేమో అని నసిగారంటే చాలు, ఆయన ఉలి కింద పెట్టి, కళ్ళజోడు తీసి, చొక్కా కొసతో తాపీగా తుడిచి, మళ్ళీ పెట్టుకుని, అక్షరం వంక చూడకుండా అన్న మనిషి వంకే చూసేవాడు. ఆ చూపు భరించలేక వాళ్ళు, అబ్బే, వెలుతురు సరిగ్గా పడలేదులెండి అనుకుంటూ గుమ్మం దాటేవాళ్ళు. పోనీ కోపం ఒక్కటే ఉందా అంటే, దానికి తగ్గ పనితనమూ ఉంది. ఆ షెడ్డులోంచి వంకర అక్షరం బయటికి వెళ్ళడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. అందుకే జనం పనితో పాటు కోపాన్నీ భరించేవారు.

షెడ్డు మధ్యలో మందపాటి ప్లాస్టిక్ తెర వేలాడుతూ ఉండేది. తెరకి ఇవతల మేస్త్రి, ఆయన ఉలులు, ఇసుక సంచులు, నీళ్ళ బకెట్టు. అవతల ఆయన కూతురు, ఆమె మిషను. కంప్యూటర్లో అక్షరాలు అమర్చి, రాతికి రబ్బరు షీటు అంటించి, గాలితో ఇసుకని కొట్టి చెక్కే మిషను అది. మేస్త్రికి వారం పట్టే పని దానికి ఒక పూట. వీధిలోవాళ్ళు ఆమెని చిన్న మేస్త్రి అని పిలిచేవాళ్ళు. ఆ పిలుపు వింటే ఆయనకి ఒళ్ళు మండేది. మిషను నడిపేదాన్ని మేస్త్రి అనరు, డ్రైవరంటారు అనేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. ఇల్లు గడుస్తున్నది ఆ డ్రైవరు వల్లేనని ఇద్దరికీ తెలుసు. చేతిపని కూడా ఆమెకి రాకపోలేదు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నదే. ఇప్పటికీ ఖాళీ దొరికితే పనికిరాని రాతిముక్కల మీద అక్షరాలు చెక్కుతూ ఉండేది. కానీ ఆయన రాయి మీద మాత్రం ఆమెని ఉలి పెట్టనిచ్చేవాడు కాదు. ఒక రాయి మీద ఒకే చెయ్యి ఉండాలన్నది ఆయన పట్టుదల.

ఇలా ఉండగా ఆ ఏడాది మేస్త్రి ఎడమచెయ్యి వణకడం మొదలుపెట్టింది. ముందు టీ గ్లాసులో తెలిసింది. గ్లాసు పెదాల దాకా వచ్చేలోగా టీ సగం చొక్కా మీద పడింది. నిద్ర చాల్లేదేమో అనుకున్నాడు. తర్వాత ఉలి పట్టుకున్నప్పుడూ వచ్చింది. ఆ వణుకు కూడా తెలివిమీరినదే. తిన్నని గీత చెక్కుతున్నంతసేపూ కిమ్మనేది కాదు. గీత వంపు తిరిగి, మణికట్టు దానితో పాటు తిరగాల్సి వచ్చేసరికి మొదలయ్యేది. అప్పటినుంచీ ఆయన ఆ చేతిని జేబులో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. టీ కుడిచేత్తో తాగేవాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే కూతురు ఏమంటుందో ఆయనకి తెలుసు. ఇక చాల్లే నాన్నా, కూర్చో అంటుంది. ఆ మాట వినడం కంటే చెయ్యి నరికించుకోవడం నయమనిపించేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే లెక్కల టీచరమ్మ షెడ్డు వెతుక్కుంటూ వచ్చింది. రిటైరై చాలా కాలమైన మనిషి. ఆవిడ భర్త కాలేజీలో గణితం ప్రొఫెసరు, ఈమధ్యే పోయారు. కాలేజీ తోటలో ఆయన పేరిట ఒక రాయి నిలబెట్టుకోవడానికి కాలేజీవాళ్ళు ఒప్పుకున్నారట. రాయి మీద ఏం రాయాలని మేస్త్రి అడిగాడు. పేరు వద్దంది, తేదీలు వద్దంది. ఒక్క సంఖ్య చెక్కితే చాలంది. చెప్పండి, రాసుకుంటాను అన్నాడాయన. ఏడు కోట్ల ముప్ఫై తొమ్మిది లక్షల ముప్ఫై తొమ్మిది వేల నూట ముప్ఫై మూడు, అని ఆవిడ తడుముకోకుండా చెప్పింది. మేస్త్రి సుద్దముక్కతో నేల మీద రాశాడు.

73939133

ఇది ఫోన్ నంబరాండీ అని అడిగాడు. ఆవిడ పకపకా నవ్వి, కాదు, ఒట్టి సంఖ్యే అంది. పేరు లేకపోతే రాయి ఎవరిదో ఎలా తెలుస్తుందని ఆయన సందేహం. తెలియాల్సినవాళ్ళకి ఇది చూస్తే తెలుస్తుందంది. మేస్త్రికి ఇదేదో పిచ్చిలా అనిపించింది గానీ, చనిపోయినవారి విషయంలో ఎదురు ప్రశ్నలు వెయ్యడం ఆయనకి అలవాటు లేదు. మిషను మీద చెయ్యమంటారా అని మాత్రం అడిగాడు, లోపల భయపడుతూనే. అవునంటే బతికిపోయేవాడు. ఆవిడ అనలేదు.

"చేత్తోనే చెక్కండి మేస్త్రిగారూ. మావారు ఈ సంఖ్య దగ్గరికి చేత్తోనే వెళ్ళారు."

ఆ మాట అర్థం కాలేదు కానీ, కాదనడానికి నోరు రాలేదు. మీరే చెక్కాలి అని ఇంకెవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో. సరేనన్నాడు.

ఆవిడ వెళ్ళాక లోపలికి వెళ్ళి, గోడకి ఆనించిన గోనెపట్టాల వెనకనుంచి ఒక నల్లరాతి పలక లాగాడు. ఆ రాయి వచ్చిన గని మూతపడి చాలా కాలమైంది. దానితో పాటు వచ్చినవన్నీ ఎప్పుడో అయిపోయాయి, ఇదొక్కటే మిగిలింది. నీళ్ళు చల్లితే చీకటి నుయ్యిలోకి చూసినట్టుండేది. మంచి పని వచ్చినప్పుడు వాడదామని దాచుకుంటూ వచ్చాడు. ఇప్పుడు తీశాడంటే కారణం ఉంది. ఈ రాయి బాగా వస్తే చెయ్యి ఇంకా తనదే. పాడైతే, ఎవరూ చెప్పకుండానే తన పనిముట్లు సంచిలో కట్టేసి తెర అవతలికి ఇచ్చెయ్యాలి. ఈ పందెం ఆయన తనతోనే కాసుకున్నాడు.

పలక మీద సుద్దతో అంకెలు గీశాక గానీ అసలు సంగతి తెలిసిరాలేదు. ఎనిమిది అంకెల్లో ఆరు వంపులే. మూళ్ళు నాలుగు, తొమ్మిదులు రెండు. ఒకటీ ఏడూ మాత్రమే తిన్ననివి. మేస్త్రి తల పట్టుకున్నాడు. లోకంలో ఇన్ని సంఖ్యలుండగా ప్రొఫెసరుగారికి నాలుగులూ ఒకట్లే ఉన్న సంఖ్య ఒక్కటీ నచ్చలేదా అని పోయిన మనిషిని మనసులోనే నాలుగు తిట్టుకున్నాడు.

ఆ ఇంట్లో తండ్రుల నాటినుంచీ ఒక పద్ధతి ఉంది. పలక మీద పని ఎప్పుడూ రెండు కొసల నుంచి మొదలుపెట్టి మధ్యకి రావాలి. కొస దగ్గర రాయికి ఒకవైపు ఆసరా ఉండదు. విరిగితే అక్కడే విరుగుతుంది. ఆ విరిగేదేదో పని మొదట్లోనే విరిగితే అక్షరాలు లోపలికి జరిపి గీసుకోవచ్చు, శ్రమా దండగ కాదు. ఈ మాట ఆయన కూతురి చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. ఈసారి మాత్రం ఆయనే తప్పాడు. కుడి కొసన ఉన్నది మూడు. మొదటి రోజే మూడుతో మొదలుపెట్టడానికి గుండె చాల్లేదు. ముందు ఏడు చెక్కాడు, తర్వాత ఒకటి చెక్కాడు. రెండూ కత్తితో కోసినట్టు వచ్చాయి. ధైర్యం వచ్చింది. ఆపైన ఎడమవైపు నుంచి వంపుల్ని ఒక్కొక్కటే తీసుకుంటూ, కొసన ఉన్న మూడుని రేపటికి, ఎల్లుండికి నెడుతూ పోయాడు.

వంపు వచ్చినప్పుడల్లా మణికట్టు కింద ఇసుక సంచి పెట్టుకునేవాడు. ఊపిరి బిగబట్టి ఒక దెబ్బ కొట్టి, ఆగి, మళ్ళీ కొట్టేవాడు. ఒక్కో మూడుకి ప్రాణం పోయి వచ్చేది. కూతురు తెర పక్కనుంచి తొంగిచూసి, ఇంత నెమ్మదిగా ఎందుకని అడిగితే, మంచి రాయి అలాగే అడుగుతుంది, నీ మిషనుకి తెలియదులే అని కసిరాడు. ఏడో అంకె కూడా బాగానే వచ్చింది. ఇక ఒక్కటే మిగిలింది.

ఆ మధ్యాహ్నం కూతురు తయారైన పలకల్ని బండిలో వేసుకుని బయటికి వెళ్ళింది. షెడ్డులో ఆయన ఒక్కడే ఉన్నాడు. చివరి మూడు పై వంపు తిరిగింది, నడుము తిరిగింది. కింది వంపు సగం దాటాక చెయ్యి ఒక్కసారి ఎగిరిపడింది. ఉలి కొసవైపు దొర్లింది. సుత్తి అప్పటికే దిగిపోయింది. చిన్న చప్పుడైంది, అంతే. పలక కొస మూడుతో సహా ఊడి ఇసుకలో పడింది.

సుత్తి ఇంకా చేతిలోనే ఉంది. మేస్త్రి వంగి ఊడిన ముక్క తీశాడు. దాని మీద మూడు దాదాపు పూర్తయి ఉంది, చక్కగా ఉంది కూడా. పగులు సరిగ్గా రెండు మూళ్ళ మధ్యనుంచి పోయింది. జిగురూ రాతిపొడీ కలిపి అతికిస్తే నాలుగు వానలకి గీత బయటపడుతుంది. కొసని నున్నగా కోసేసి ఏడు అంకెలతోనే ఇచ్చేస్తే? ఇంత పొడుగు సంఖ్యని ఎవరు లెక్కపెట్టి చూస్తారు? ఆ ఆలోచనా వచ్చింది, రాలేదంటే అబద్ధం. కానీ ఒక్క అంకె పోయేసరికి ఏడు కోట్ల పైచిలుకు కాస్తా డెబ్భై మూడు లక్షల పైచిలుకు అయి కూర్చుంది. పోయిన మనిషి పేరు మీద అంత మోసం ఆయనకి చేతకాదు. పలక మీద గోనెపట్టా కప్పేసి, పీట మీద కూలబడ్డాడు. పందెం పోయింది. ఇక సంచి కట్టెయ్యడమే.

అనుకునేంతలో టీచరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఇటు వచ్చాను, పని ఎంతవరకు వచ్చిందో చూసి పోదామని, అంటోంది.

ఇంకెవరైనా అయితే ఆయన ఏదో ఒక సాకు చెప్పి పంపేసేవాడేమో. ఆవిడ ముందు నీళ్ళు నమలడం చేతకాలేదు. లేచి గోనెపట్టా తీసేశాడు.

"విరిగిపోయిందమ్మా. తప్పు నాదే."

ఆవిడ దగ్గరికి వచ్చి ఎడమ కొస నుంచి అంకెల మీద వేలు పెట్టి చూసుకుంటూ వచ్చింది. గుడ్డివాళ్ళు చదివినంత నెమ్మదిగా. ఏడు, మూడు, తొమ్మిది, మూడు, తొమ్మిది, ఒకటి, మూడు. వేలు పగులు దగ్గర ఆగింది. ఆ గరుకు మీద అటూ ఇటూ కదిలింది. మేస్త్రి తిట్లకి సిద్ధపడి తల వంచుకున్నాడు. వినపడింది నవ్వు. తలెత్తి చూస్తే ఆవిడ బండరాయి మీద చతికిలబడి నవ్వుతోంది, చెంపల మీదనుంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఈవిడకేమైనా మతి చలించిందా అని ఆయనకి భయం వేసింది. మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని, ఎక్కడ విరగాలో అక్కడే విరిగింది మేస్త్రిగారూ అంది. ఆయనకి మండింది. వెటకారం భరించే స్థితిలో లేడు. నాకు లెక్కలు రావండీ, ఏమంటున్నారో నాకు తెలియడం లేదు, అన్నాడు. రాళ్ళు పేర్చడం వచ్చు కదా అంది ఆవిడ. అది రాకపోవడమేమిటి, సగం ఊరికి గచ్చు పరిచింది ఆయన తండ్రే. అయితే ఏడు ముక్కలు తీయమంది.

ఉలి దెబ్బలకి రాలిన రాతిముక్కలు నేల మీద కుప్పగా ఉన్నాయి. మేస్త్రి ఏడు ఏరాడు. వీటిని సమానమైన వరసల్లో పేర్చమంది. రెండు వరసలు పేరిస్తే ఒకటి మిగిలింది. మూడు వరసలు పేర్చినా ఒకటి మిగిలింది. ఒకే పొడుగు వరసగా పెట్టడం తప్ప ఏడుకి వేరే గతి లేదు. ఇలా ఎవరికీ సమానంగా పంచడానికి లొంగని సంఖ్యని ప్రధాన సంఖ్య అంటారంది. ఇందులో వింతేముంది, ఐదూ అంతే, పదకొండూ అంతే అన్నాడు మేస్త్రి. వింత ఇప్పుడే కాదు, ఆగండి, పక్కన మూడు చేర్చండి అంది. డెబ్భై మూడు.

మేస్త్రి డెబ్భై మూడు ముక్కలు లెక్కపెట్టుకున్నాడు. ఇంత కుప్పని ఏదో ఒక తీరున సమానమైన వరసల్లో కూర్చోబెట్టలేకపోతే తను రాతిపనివాడే కాదనుకున్నాడు. రెండేసి పేర్చాడు, ఒకటి మిగిలింది. మూడేసి పేర్చాడు, ఒకటి మిగిలింది. నాలుగేసి పేర్చినా అదే ఒకటి. ఐదేసికి మూడు మిగిలాయి. ఆరేసికి మళ్ళీ ఒకటి. ఏడేసికి మూడు. ఎనిమిదేసి పేర్చేసరికి ఆయనకి చెమట పట్టింది, అప్పుడూ ఒకటి మిగిలింది. తొమ్మిదేసికీ అంతే. అక్కడితో ఆగాడు. ఇక ఆపైన ఎన్ని పేర్చినా ఇవే వరసలు అడ్డం తిరిగి వస్తాయని రాళ్ళు పరిచిన చేతికి తెలుసు. ఆ ఒక్క రాయి తీసేస్తే రెండుకీ మూడుకీ నాలుగుకీ ఆరుకీ ఎనిమిదికీ తొమ్మిదికీ కుప్ప మొత్తం లొంగిపోతోంది. అది ఉంటే దేనికీ లొంగడం లేదు. మేస్త్రి ఆ మిగిలిన ముక్కని అరచేతిలో పెట్టుకుని చూశాడు. అన్ని ముక్కల్లాంటిదే.

ఇప్పుడు తొమ్మిది చేర్చండి అందావిడ. ఏడు వందల ముప్ఫై తొమ్మిది. అదీ లొంగదు. మూడు చేర్చితే ఏడు వేల మూడు వందల తొంభై మూడు, అదీ అంతే. తొమ్మిది చేర్చినా, ఒకటి చేర్చినా, మూడు చేర్చినా అంతే. చివరికి ఈ ఏడు కోట్ల ముప్ఫై తొమ్మిది లక్షల ముప్ఫై తొమ్మిది వేల నూట ముప్ఫై మూడు. ఊళ్ళో కంకరంతా తెచ్చి ఇన్ని ముక్కలు చేసి, ఎంత పెద్ద మైదానంలో ఎన్ని రకాలుగా పేర్చినా, ఏ వరసా నిండదు, ఎక్కడో ఒక చోట వెలితి ఉండి తీరుతుంది.

మేస్త్రి పలక వంక చూశాడు. ఇన్నాళ్ళూ వంపులు, గీతలు, లోతులే చూశాడు గానీ అంకెల్ని చూడలేదు. ఆయనకి మెల్లగా తట్టింది. అంటే చివరినుంచి ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చినా, అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

"తీసేస్తూ రండి. ఎక్కడ ఆపినా మిగిలింది పగలదు. మీ రాయి ఇప్పుడు ఆపిన చోట కూడా."

మేస్త్రి పలక దగ్గరికి వెళ్ళాడు. చేతిలో సుత్తి లేదు, ఎదురుగా గుడీ లేదు, దేవుడూ లేడు, ఉన్నది ఒక విరిగిన పలక. అయినా చెప్పులు విడిచి నిలబడాలనిపించింది. ఇంత గట్టి వస్తువు ఆయన జన్మలో చూడలేదు. ఏ గనిలోనూ దొరకదు ఇలాంటి రాయి. ఎక్కడ కొడితే ఎక్కడ పగులుతుందో రాతి నరం చూసి చెప్పగలిగినవాడు, ఈ అంకెల్లో నరమే కనపడక నిలబడిపోయాడు.

ఇంకా పక్కన అంకెలు చేర్చుకుంటూ పోతే ఎందాకా పోతుందని అడిగాడు. పోదంది ఆవిడ. ఇక్కడితో ఆఖరు. సున్నా పెట్టినా ఐదు పెట్టినా ఐదుతో పగిలిపోతుంది, సరిసంఖ్య ఏది పెట్టినా రెండుతో పగిలిపోతుంది. ఒకటో ఏడో పెడితే మూడుతో పగిలిపోతుంది. మూడో తొమ్మిదో పెడితే కాస్త వెతకాలి గానీ, వాటినీ పగలగొట్టేవి ఉన్నాయి. ఇలా తోక తీసేస్తున్నా పగలని సంఖ్యలు మొత్తం ఎనభై మూడే ఉన్నాయి. వాటన్నిట్లో పెద్దది ఇదే, ఇంతకంటే పెద్దది ఉండే వీలు లేదు.

ఎవరు చూశారమ్మా ఇదంతా, అన్నాడు మేస్త్రి. పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్నదేనంది ఆవిడ. కానీ పుస్తకంలో ఉందని నమ్మే రకం కాదట ప్రొఫెసరుగారు. పెళ్ళయిన కొత్తలో ఒకే గది, ఒకే బల్ల. ఈ సంఖ్యని పగలగొట్టేది ఏదైనా ఉందేమో చూడాలంటే ఎనిమిదిన్నర వేల చిల్లర దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. వెయ్యికి పైనే భాగహారాలు. సగం ఆయన, సగం ఆవిడ. బల్లకి చెరోవైపు కూర్చుని, వాడేసిన కాగితాల వెనకవైపు చేసుకుంటూ పోయారు. ప్రతి భాగహారం చివర్లో గుండె దడదడలాడేదట. ఒక్కదానికి శేషం సున్నా వచ్చిందా, అంతా అయిపోయినట్టే. రాలేదు. ఆఖరిది ఆవిడ వంతుకే వచ్చింది. దానికీ శేషం మిగిలింది. ఇద్దరూ కిటికీలోంచి వీధి వంక చూస్తూ కూర్చున్నారట. వీధి మామూలుగానే ఉందట గానీ, తమ గదిలో ఏదో చాలా పెద్దది వచ్చి కూర్చున్నట్టు అనిపించిందట.

ఆయన రోజూ పొద్దున్నే కళ్ళు తెరవగానే ఈ సంఖ్య అనేవారంది. అదొక అలవాటు. జబ్బు తలకెక్కాక, ఒక పొద్దున చివరి మూడు రాలేదు. ఆవిడ మంచం పక్కన కూర్చుని ఎదురుచూసింది. అది ఇక ఎప్పుడూ రాలేదు. కొన్నాళ్ళకి దాని ముందు మూడూ పోయింది. అలా తగ్గుతూ తగ్గుతూ, ఆఖరి రోజుల్లో ఏడు అని మాత్రం అని, పూర్తిచేసినవాడిలా తృప్తిగా చూసేవారు.

"మొదట్లో చాటుకెళ్ళి బాధపడేదాన్ని. తర్వాత తెలిసింది. ఆయన వదిలినవన్నీ కొసనుంచే వదిలారు. నా దగ్గర మిగిలిన మనిషి ఏ రోజూ ముక్కలు కాలేదు."

ఆవిడ లేచి, ఈ పలక ఇలాగే కావాలంది. అతికించొద్దు, కొస నున్నగా చెయ్యొద్దు. ఊడిన ముక్క మాత్రం తను తీసుకుపోతానంది. ఆయన దాన్ని నీళ్ళతో కడిగి, తుడిచి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఎడమచేత్తోనే ఇచ్చాడు. చెయ్యి వణుకుతోంది. ఈసారి దాచలేదు. ఇందుకే విరిగిందమ్మా అన్నాడు. ఆవిడ ఆ చేతిని చూసింది. జాలిమాట ఒక్కటీ అనలేదు. ఇంట్లో తెలుసా అని మాత్రం అడిగింది. మేస్త్రి అడ్డంగా తల ఊపాడు. ఆవిడ ఆయన వంక, ఇంటి లెక్క చెయ్యకుండా వచ్చిన పిల్లాడి వంక చూసినట్టు చూసి, వెళ్ళిపోయింది.

కూతురు బండి దిగి లోపలికి వచ్చేసరికి నేల నిండా రాతిముక్కలు తొమ్మిదేసి వరసల్లో పేర్చి ఉన్నాయి. పక్కన ఒక్క ముక్క వేరుగా ఉంది. తండ్రి వాటి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఏమిటిది నాన్నా అంటే, డెబ్భై మూడు అన్నాడు. ఆమె పలక వైపు చూసింది. విరిగిన కొస చూసింది. ముఖంలో రంగు మారింది. ఆ రాయి ఆయనకి ఎంతో ఆమెకి తెలుసు. మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది.

"నా చెయ్యి వణుకుతోందే," అన్నాడు మేస్త్రి. అనేశాక ఎదురుచూశాడు, ఆ మాట కోసం. ఇక చాల్లే నాన్నా, కూర్చో.

"తెలుసు," అంది కూతురు. "ఎంతవరకు వస్తోంది?"

ఆయన తలెత్తాడు. ఇలాంటి ప్రశ్న వస్తుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఉందా పోయిందా అనే ఇన్నాళ్ళూ తనని తాను అడుగుతూ వచ్చాడు. ఎంతవరకు ఉందని ఎప్పుడూ అడగలేదు. చెయ్యి చాపి చూసుకున్నాడు. గీతలు బాగానే వస్తున్నాయని, వంపు దగ్గరే రావడం లేదని చెప్పాడు. చెబుతుంటే అది చిన్న సంగతిలాగే వినిపించింది. గీతలంటే తక్కువేమీ కాదు. ప్రతి అక్షరానికీ వెన్నెముక అదే.

కూతురు లేచి తెర అవతలికి వెళ్ళింది. తన ఉలి పట్టుకుని తిరిగివచ్చింది. గోడ దగ్గర రేపు మొదలుపెట్టాల్సిన పలక సుద్దగీతలతో నిలబడి ఉంది. దాన్ని దించి ఇద్దరి మధ్యకి లాగింది. వంపులు నావి అంది.

ఒక రాయి మీద ఒకే చెయ్యి ఉండాలన్న మనిషి. ఆయన ఆ పలక వంకా, కూతురి చేతిలో ఉలి వంకా చూశాడు. ఏదో కసరబోయి, మానేశాడు. పీట పొడుగ్గానే ఉంది. మేస్త్రి కాస్త పక్కకి జరిగాడు.